గ్రాఫిక్ డిజైన్ నుంచి ఆర్కిటెక్చర్‌కి: మేనకోడలికి ఒక ఉత్తరం

చిరంజీవి శ్రావణికి,

మామయ్య ఆశీస్సులు. ఆర్కిటెక్చర్ చదవలేదన్న సంగతి అప్లికేషన్‌లో ఎలా కప్పిపుచ్చుకోవాలని అడిగావు. కప్పిపుచ్చకు. అమెరికాలో మూడేళ్ల ఎం.ఆర్క్ (ఆర్కిటెక్చర్‌లో మాస్టర్స్ డిగ్రీ) పెట్టిందే వేరే చదువుల నుంచి వచ్చేవాళ్ల కోసం. మన దగ్గర బి.ఆర్క్ (ఆర్కిటెక్చర్‌లో బ్యాచిలర్స్ డిగ్రీ) లేనిదే ఎం.ఆర్క్‌లో అడుగు పెట్టనివ్వరు కాబట్టి నీకా భయం పట్టుకుంది. అక్కడ లెక్క వేరు.

ముందు ఏ కోర్సుకి అప్లై చేస్తున్నావో తేల్చుకో. చాలామంది తడబడేది ఇక్కడే. నీకు కావలసింది చాలా స్కూళ్లు ఎం.ఆర్క్ వన్ అని పిలిచే ప్రొఫెషనల్ డిగ్రీ. యేల్‌లో మూడేళ్లు, హార్వర్డ్‌లో మూడున్నరేళ్లు. ఎం.ఆర్క్ టూ అప్పటికే బి.ఆర్క్ లాంటిది పూర్తిచేసినవాళ్లకి, నీకు పనికిరాదు. డిగ్రీకి నాబ్ (NAAB, అమెరికాలో ఆర్కిటెక్చర్ డిగ్రీలకి గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉందో లేదో తప్పకుండా చూడు. అది లేకపోతే అక్కడ చాలా రాష్ట్రాల్లో లైసెన్స్ దారి కష్టమవుతుంది. ఉన్నా డిగ్రీ రాగానే ఆర్కిటెక్ట్‌వి అయిపోవు: 3,740 గంటల పని అనుభవం నమోదు చేయించాలి, ఆరు పరీక్షలు రాయాలి. ఇదంతా తెలిసి కూడా వెళ్లాలనిపిస్తేనే మిగతా ఉత్తరం చదువు. తిరిగొచ్చి ఇక్కడ ప్రాక్టీసు పెట్టే ఆలోచన ఉంటే, ఆ డిగ్రీని గుర్తిస్తారో లేదో మన దేశంలో ఆర్కిటెక్టుల్ని నమోదు చేసే కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌ని ఇప్పుడే అడుగు, ఫీజు కట్టాక కాదు.

ఇక పోర్ట్‌ఫోలియో, అంటే నువ్వు చేసిన పనుల పుస్తకం. అప్లికేషన్‌లో సగం బరువు దీనిదే.

నీలాంటివాళ్లు ఎక్కువమంది చేసే పని ఒకటుంది. రెండు నెలలు కూర్చుని స్కెచప్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని, గాజు గోడల ఇల్లొకటి గీసి, సాయంకాలపు ఆకాశం పెట్టి ఫొటోలా రెండర్ చేసి మొదటి పేజీలో అతికిస్తారు. అడ్మిషన్ కమిటీలో కూర్చున్నవాళ్లకి అది రెండు సెకన్లలో తెలిసిపోతుంది. మెట్లకి చోటు ఉండదు, గోడకి మందం ఉండదు. పక్క పేజీలోనే ఎంతో పరిణతి ఉన్న నీ అసలు పని ఉంటుంది. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఇదే. వాళ్లు వెతికేది ఆర్కిటెక్ట్‌ని కాదు, మూడేళ్లలో ఆర్కిటెక్ట్ కాగల మనిషిని.

నీ దగ్గరున్న ఆసుపత్రి సైన్‌బోర్డుల ప్రాజెక్టుని మొదట పెట్టు. అయితే ఇప్పుడున్నట్టు కాదు. ఇప్పుడు ఆ పేజీలో బోర్డుల ఫొటోలు, ఫాంటు, రంగుల పట్టిక ఉన్నాయి. అవి గ్రాఫిక్ డిజైన్ ఉద్యోగానికి సరిపోతాయి. ఇక్కడ కావలసింది ఆ బోర్డుల వెనకున్న ఆలోచన. ఆ అంతస్తు ప్లాన్ గీసి, లోపలికి వచ్చిన మనిషి ఎక్కడ ఆగిపోతున్నాడో, ఎక్కడ వెనక్కి తిరుగుతున్నాడో చుక్కలతో చూపించు. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ల కంటి ఎత్తు నుంచి బోర్డు ఎలా కనిపిస్తుందో ఒక సెక్షన్ (నిలువుగా కోసి పక్క నుంచి చూసినట్టు ఉండే బొమ్మ) గీయి. మలుపు దగ్గర బోర్డు పెట్టి లాభం లేదు, మలుపుకి నాలుగడుగుల ముందే పెట్టాలని ఫోన్లో చెప్పావే, ఆ ఒక్క నిర్ణయానికి పూర్తి పేజీ ఇవ్వు. మనిషి నడకకీ చోటుకీ ఉన్న సంబంధాన్ని ఎవరూ నేర్పకుండానే పట్టుకున్నావని దాన్ని చూస్తే తెలుస్తుంది. పనికిరాని తొలి స్కెచ్‌లు కూడా ఒకటి రెండు ఉంచు.

కొత్తగా ఏదైనా చేయాలనుకుంటే నువ్వుండే గదినే కొలిచి గీయి. టేపు, పెన్సిలు చాలు. ప్లాన్ 1:50లో వెయ్యి. ఆ స్కేలులో 23 సెంటీమీటర్ల గోడ కాగితం మీద 4.6 మిల్లీమీటర్లు వస్తుంది, 90 సెంటీమీటర్ల తలుపు 18 మిల్లీమీటర్లు. కోసినట్టు చూపించే గోడలకి లావు గీత, దూరంగా కనిపించేవాటికి సన్న గీత. తర్వాత కిటికీ మీదుగా 1:20లో సెక్షన్ తియ్యి: కిటికీ దిమ్మె నేల నుంచి ఎంత ఎత్తు, గోడ మందంలో కిటికీ ఎక్కడ కూర్చుంది, ఉదయం తొమ్మిదింటికి వెలుగు గచ్చు మీద ఎంత దూరం వస్తోంది. తర్వాత అదే గదికి అట్టముక్కలతో ఒక మోడల్ చేసి, కిటికీ వెలుతురులో ఫొటో తియ్యి. ఇది రెండు పేజీలు ఉన్నా, నకిలీ విల్లా పది పేజీల కన్నా నయం.

పేజీల పరిమితి ఒక్కో స్కూలుకి ఒక్కోలా ఉంటుంది, దాటొద్దు. టీమ్‌గా చేసిన పనిలో నీ వంతు ఏదో స్పష్టంగా రాయి. నువ్వు ఎలాగూ పేజీలు అందంగా పేరుస్తావు కాబట్టి నీకొక ప్రత్యేక హెచ్చరిక: చూసేవాళ్లు లేఅవుట్‌కి ముచ్చటపడి, లోపలి పనిని మర్చిపోయేంత అందం వద్దు.

ఎస్ఓపీలో (ఈ చదువు ఎందుకో చెప్పే వ్యాసంలో) "చిన్నప్పటి నుంచి నాకు భవనాలంటే ప్రాణం" అని మొదలుపెట్టకు. ప్రతి రెండో అప్లికేషన్ అలాగే ఉంటుంది. బోర్డులు ఎంత బాగున్నా కారిడార్ తప్పుగా ఉంటే జనం దారి తప్పుతారనీ, ఆ కారిడార్‌ని మార్చే అధికారం నీకు లేదనీ తెలిసిన రోజు గురించి రాయి. నీ కారణం అదే, ఇంకెవరూ రాయలేరు. పీటర్ బెహ్రెన్స్ చిత్రకారుడిగా, గ్రాఫిక్ డిజైనర్‌గా మొదలై, జర్మనీ ఎలక్ట్రికల్ కంపెనీ ఏఈజీ లోగోతో పాటు 1909 నాటి బెర్లిన్ టర్బైన్ ఫ్యాక్టరీ కూడా గీశాడు. పీటర్ జుంతోర్ మొదట ఫర్నిచర్ వడ్రంగం నేర్చుకుని, డిజైన్ చదివి, 2009లో ఆర్కిటెక్చర్‌లో పెద్ద బహుమతి అయిన ప్రిట్జ్‌కర్ అందుకున్నాడు. ఈ కబుర్లు నీ ధైర్యానికి చెబుతున్నా, ఎస్ఓపీలో దించడానికి కాదు.

చాలా స్కూళ్లు కాలిక్యులస్, ఫిజిక్స్ అడుగుతాయి, కొన్ని ఆర్కిటెక్చర్ చరిత్ర కూడా. అప్లై చేసేనాటికి లేకపోయినా చేరేలోపు పూర్తిచేయమంటారు, ఒక్కో స్కూలు పేజీ చూసి పట్టిక రాసుకో. గడువులు ఎక్కువగా డిసెంబరు, జనవరిలో పడతాయి. సిఫారసు లేఖలు సాధారణంగా మూడు కావాలి. పెద్ద హోదా ఉండి నీ పేరు కూడా సరిగ్గా గుర్తులేనివాళ్లని అడగొద్దు. సైన్‌బోర్డుల పనిలో నీతో వాదించిన సీనియర్‌ని అడుగు. ఆయన రాస్తే నిజం ఉంటుంది. అక్టోబరులోనే అడిగి, నీ పోర్ట్‌ఫోలియో, ఎస్ఓపీ చిత్తుప్రతి ఆయన చేతిలో పెట్టు.

స్కూళ్లు ఎంచుకునేటప్పుడు ర్యాంకుల జోలికి పోకు. మొదటి ఏడాది విద్యార్థులు గీసిన పని వెతికి చూడు. అది నచ్చితే అక్కడికి అప్లై చెయ్యి. స్కాలర్‌షిప్, టీచింగ్ అసిస్టెంట్ అవకాశాల గురించి ఆఫీసుకి మెయిల్ పెట్టి సూటిగా అడుగు. మూడేళ్ల ఖర్చు మామూలుది కాదు, ఈ రంగంలో తొలి జీతాలు అంత గొప్పగా ఉండవు. అప్పు లెక్క అమ్మానాన్నలతో ముందే కూర్చుని వేసుకో.

గది సెక్షన్ అయ్యాక స్కాన్ చేసి పంపు. కొలతలు వెయ్యడం మర్చిపోకు, అవి లేకపోతే చూడను.

మామయ్య