రిమాండ్ ఖైదీకి జైల్లో ఇన్సులిన్ అందకపోతే ఎవర్ని, ఏమని అడగాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: తమ్ముడు రిమాండ్‌లో సబ్ జైల్లో ఉన్నాడు. టైప్ 1 షుగర్, రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్. ములాకత్‌కి తీసుకెళ్లిన ఇన్సులిన్‌ను గేటు దగ్గరే వెనక్కి ఇచ్చేశారు, లోపల మాత్రం షుగర్ మాత్రలే ఇస్తున్నారు. హక్కు ఉందా, ఉంటే ఎక్కడ అడగాలి? మెడికల్ బెయిల్ ఇప్పుడే అడగొచ్చా?

ముందు టైము సంగతి. టైప్ 1 వాళ్లకి ఇన్సులిన్‌కు బదులు మాత్రలు పనికిరావు. పూర్తిగా ఆగిపోతే ఒకటి రెండు రోజుల్లోనే ఒంట్లో కీటోన్లు అనే ఆమ్లాలు పేరుకుని ప్రాణం మీదకు రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస, నోట్లోంచి పళ్ల వాసన, మగత: వీటిలో ఏది ఉందని తెలిసినా కోర్టు తేదీ కోసం ఆగకండి. జైలుకి ఫోన్ చేసి ‘ఇది ఎమర్జెన్సీ, ఇప్పుడే ఆస్పత్రికి తరలించండి’ అని చెప్పి, అదే మాట సూపరింటెండెంట్‌కి ఈమెయిల్ పెట్టండి, లాయర్‌కి కాపీ పంపండి. ఫోన్‌లో చెప్పింది రికార్డు కాదు, ఈమెయిల్‌కి తేదీ, టైము ఉంటాయి.

హక్కు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఖైదీకీ రాజ్యాంగంలోని 21వ అధికరణం (జీవించే హక్కు) వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1978లో సునీల్ బత్రా కేసు నాటి నుంచీ చెబుతూనే ఉంది. సర్కారు డబ్బు లేదని వైద్యం ఎగ్గొట్టకూడదని 1996లో పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో తేల్చింది. 1894 నాటి జైళ్ల చట్టంలోనే సెక్షన్ 24 ప్రకారం లోపలికి వచ్చిన ప్రతి నిందితుణ్ణి పరీక్షించి ఆరోగ్య స్థితి పుస్తకంలో రాయాలి. సెక్షన్ 37 ప్రకారం ఖైదీ డాక్టర్ని చూడాలన్నా, ఒంట్లో బాగోలేనట్టు కనిపించినా కాపలా సిబ్బంది ఆలస్యం చేయకుండా జైలర్‌కి చెప్పాలి, జైలర్ వైద్య సిబ్బందికి చెప్పాలి. కోర్టులో ఈ హక్కు లేదని ఏ ప్రభుత్వ న్యాయవాదీ అనడు. ‘వైద్యం అందుతోంది, పరిస్థితి నిలకడగా ఉంది’ అని రెండు ముక్కల రిపోర్టు పెడతాడు, అంతే. మీరు గెలవాల్సింది ఆ రెండు ముక్కల మీద.

అందుకే మొదటి రోజు రికార్డు అంత ముఖ్యం. అరెస్టు తర్వాత బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 53 కింద డాక్టర్ చూస్తారు. అక్కడ చాలామంది దెబ్బల గురించే మాట్లాడి షుగర్ సంగతి చెప్పరు, డాక్టర్ ‘ఫిట్’ అని రాసేస్తారు. తర్వాత జైలు అడ్మిషన్‌లోనూ అదే ‘ఫిట్’ కాపీ అవుతుంది. మీ విషయంలో అది ఇప్పటికే జరిగిపోయి ఉంటే కంగారు పడొద్దు. పాత ఆస్పత్రి డిశ్చార్జ్ సమ్మరీ, ఈ మధ్యది ఒక ప్రిస్క్రిప్షన్, చివరి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) రిపోర్టు, ఈ మూడు చాలు. ఇరవై పేజీల ఫైలు పెడితే ఎవరూ చదవరు. ప్రిస్క్రిప్షన్‌లో బ్రాండు పేరు మాత్రమే ఉంటే డాక్టర్‌తో జెనెరిక్ పేరు (మందు అసలు పేరు), యూనిట్లు, వేసుకునే టైము కూడా రాయించండి. జైలు ఫార్మసీకి ఆ బ్రాండు రాకపోతే ‘స్టాకు లేదు’ అనడానికి అదే సాకు అవుతుంది.

తర్వాత సూపరింటెండెంట్‌కి అర్జీ. ‘తగిన వైద్యం అందించగలరు’ అని రాస్తే ఆ అర్జీకి విలువ లేదు, ఎందుకంటే ఏ మాత్ర ఇచ్చినా అది తగిన వైద్యమే అయిపోతుంది. ఇలా రాయండి: ‘రిమాండ్ ఖైదీ ఫలానా, యూటీ (అండర్ ట్రయల్) నంబరు ఇంత, టైప్ 1 మధుమేహ రోగి. ప్రతి భోజనానికి ముందు ఇన్ని యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్, రాత్రికి ఇన్ని యూనిట్ల గ్లార్జిన్ అవసరం. ఫలానా తేదీ నుంచి అందడం లేదు. జైలు ఆస్పత్రిలో లేకపోతే మేం తెచ్చి ఇవ్వడానికి అనుమతి ఇవ్వండి. రోజూ షుగర్ చూసి రీడింగ్ రాయించండి.’ ఇన్‌వర్డ్‌లో (అర్జీలు తీసుకునే సెక్షన్‌లో) ఇచ్చి కాపీ మీద స్టాంపు, నంబరు వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచండి.

గేటు దగ్గర మందు వెనక్కి ఇవ్వడం సిబ్బంది మొండితనమే అనుకోవద్దు. సీలు లేని మందు, సూది, సిరంజి లోపలికి వెళితే వాళ్ల మెడకే చుట్టుకుంటుంది. జైలు మెడికల్ ఆఫీసర్ సంతకమో కోర్టు ఉత్తర్వో ఉంటేనే తీసుకుంటారు, అదీ ఖైదీ చేతికి కాదు, జైలు ఫార్మసిస్టుకి ఇవ్వాలి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కాబట్టి అక్కడ ఫ్రిజ్ పనిచేస్తోందా అని అర్జీలోనే అడగండి. తెరిచాక చాలా రకాలు గది వేడిలో సుమారు 28 రోజులు ఉంటాయి, సీసా మీద తెరిచిన తేదీ రాయించాలి.

ఇంకో చిక్కు చాలామందికి తట్టదు. జైల్లో రాత్రి భోజనం సాయంత్రం అయిదింటికే ఇచ్చేసి, పొద్దుగూకకముందే బ్యారక్ తాళం వేస్తారు. నాలుగున్నరకి ఇన్సులిన్ వేసి పంపితే, ఖైదీ ఆ భోజనం దాచుకుని ఎనిమిదింటికి తింటే, మధ్యలో షుగర్ పడిపోతుంది. తాళం పడ్డాక సూది వేసేవాళ్లూ, రీడింగ్ చూసేవాళ్లూ ఉండరు. రాత్రి పదింటికి వేసుకునే లాంగ్ యాక్టింగ్ (గ్లార్జిన్) డోసును తాళానికి ముందుకు జరపడం, దాని యూనిట్లు సరిచేయడం డాక్టర్ పని. ఆ మార్పు కాగితం మీద రాయించండి. బ్యారక్‌లో గ్లూకోజు పొడి, బిస్కెట్లు దగ్గర ఉంచుకోనివ్వాలని, కళ్లు తిరిగితే పిలవడానికి పక్క ఖైదీకి, నైట్ డ్యూటీ వార్డర్‌కి చెప్పి ఉంచాలని అదే కాగితంలో అడగండి. చిన్న కోరికే అయినా చాలా పిటిషన్లలో ఇదే కనబడదు.

ఇక కోర్టు. విచారణ ఖైదీ కోర్టు కస్టడీలో ఉన్న మనిషి, కాబట్టి రిమాండ్ ఇచ్చిన మేజిస్ట్రేటు దగ్గరే మొదట అడగాలి. సూపరింటెండెంట్ జవాబు కోసం ఎదురుచూడకుండా అర్జీ ఇచ్చిన మర్నాడే పిటిషన్ వేయించండి. అందులో అడగాల్సినవి నాలుగు: జైలు మెడికల్ ఆఫీసర్ ఫలానా తేదీకల్లా రిపోర్టు ఇవ్వాలి, ఆ రిపోర్టుకి రోజువారీ షుగర్ రీడింగులు, ఇన్సులిన్ ఇచ్చిన టైములు జతచేయాలి, ఈలోగా ఇంటి నుంచి తెచ్చిన ఇన్సులిన్ తీసుకోవాలి, ఫలానా రోజు ప్రభుత్వ జనరల్ ఆస్పత్రిలో చూపించాలి. రెండోది వదలొద్దు. ‘నిలకడగా ఉంది’ అని రాసిన చేత్తోనే రీడింగులు జతచేయమంటే, లేని రీడింగులు ఎక్కడి నుంచి తెస్తారు? రిమాండ్ పొడిగింపు సాధారణంగా 15 రోజులకోసారి వీడియోలో జరుగుతుంది. మీ తమ్ముడు ఆ నిమిషంలో భయపడకుండా ‘ఇన్సులిన్ ఇవ్వడం లేదు’ అని నోటితో చెప్పాలి. లాయర్ అది రికార్డు చేయమని అడగాలి.

చాలా సబ్ జైళ్లలో పూర్తికాలం డాక్టర్ ఉండరు. అలాంటప్పుడు ఆస్పత్రి ఉన్న జిల్లా జైలుకో సెంట్రల్ జైలుకో మార్చమని అడగడమే మేలు. ములాకత్‌కి దూరమవుతుందని ఇంట్లోవాళ్లు వద్దంటారు, టైప్ 1 విషయంలో ఆ లెక్క వేయకండి. మార్చేటప్పుడు మందు పాత జైల్లోనే ఉండిపోవడం మామూలే. సెక్షన్ 26 ప్రకారం ప్రయాణానికి పనికిరాని జబ్బేమీ లేదని డాక్టర్ ధ్రువీకరిస్తేనే మార్చాలి కాబట్టి, ఆ సర్టిఫికెట్‌తో పాటు కనీసం మూడు రోజుల మందు, మెడికల్ కాగితాలు వెంట పంపాలని కోరండి.

ఉత్తర్వు వచ్చాక కూడా ఆస్పత్రి తేదీ తప్పిపోతే కారణం ఎక్కువగా ఎస్కార్టే, అంటే వెంట వెళ్లే పోలీసు కాపలా. ఏఆర్ (సాయుధ రిజర్వు పోలీసు) గార్డు బందోబస్తుకి వెళ్లిందంటారు. అందుకే ఉత్తర్వులో జైలుతో పాటు ఎస్పీకీ లేదా కమిషనర్‌కీ గార్డు ఇవ్వమని ఆదేశం ఉండేలా చూసుకోండి. ఆస్పత్రిలో మంచానికి బేడీ వేస్తే, కోర్టు అనుమతి లేకుండా అలా చేయకూడదని 1995లో సిటిజన్స్ ఫర్ డెమోక్రసీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

లాయర్ ఖర్చు భారమైతే, కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం ఉంది, 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం సెక్షన్ 12 ప్రకారం. 15100కి ఫోన్ చేయండి, జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి అర్జీ కాపీ ఇవ్వండి. కింది కోర్టు కదలకపోతే హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ పిటిషన్. శిక్ష పడిన ఖైదీ అయితే మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లి లాభం లేదు, నేరుగా రిట్, లేదా అప్పీలు పెండింగులో ఉంటే అందులోనే శిక్ష నిలిపివేత పిటిషన్.

మెడికల్ బెయిల్ ఇప్పుడే అడగొచ్చా అన్నారు. బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 480లో జబ్బుపడ్డవాళ్లకి వెసులుబాటు ఉంది, కానీ షుగర్ ఉందని చెబితే బెయిల్ రాదు. ఈ జబ్బుకి జైల్లో వైద్యం కుదురుతుందా అన్నదే కోర్టు చూస్తుంది. విప్లవ కవి వరవరరావు గారికి 2021 ఫిబ్రవరిలో బాంబే హైకోర్టు ఆర్నెల్ల బెయిల్ ఇచ్చినప్పుడు ఆయన వయసు, ఆరోగ్యంతో పాటు తలోజా జైలు ఆస్పత్రిలో ఏముంది, ఏం లేదు అన్నదీ చూసింది. కాబట్టి ఇప్పుడు పోగేస్తున్న స్టాంపు కాపీలు, స్పీడ్ పోస్టు రసీదులు, తప్పిన ఆస్పత్రి తేదీలే రేపటి బెయిల్ పిటిషన్‌కి ఆధారాలు.

బయటి ఆస్పత్రిలో చూపించిన ప్రతిసారీ రికార్డు కాపీ అడగండి. రోగి గానీ అతని తరఫున అధికారం ఉన్నవాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. మీ తమ్ముడి సంతకంతో ఆథరైజేషన్ లెటర్ ఈసారి ములాకత్‌లోనే, జైలు అధికారి ధ్రువీకరణతో తీసుకుని పెట్టుకోండి. జైలు నుంచి సమాచారం కావాలంటే ఆర్టీఐ అర్జీ మీద ‘ప్రాణానికి సంబంధించినది, సెక్షన్ 7(1)’ అని పైనే రాయండి. అలాంటి వాటికి గడువు 30 రోజులు కాదు, 48 గంటలు.