ఆగమన కాలంలో మన విచారణ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా విచారణలో (ఒక గుడి పరిధిలోని కతోలిక సమాజంలో) ఏటా డిసెంబరు మొదటి వారంలోనే సెమీ క్రిస్మస్ జరుపుతున్నారు. కేకు కోసి, క్రిస్మస్ పాటలన్నీ పాడేసి, శుభాకాంక్షలు చెప్పుకున్నాక, ఆ వచ్చే ఆదివారం పూజకు వెళితే క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాల ఆగమన కాలం కనుక ఫాదర్ గారు ఊదా రంగు వస్త్రాలు ధరించి మారుమనస్సు గురించి ప్రసంగిస్తారు. పిల్లలు అయోమయంలో పడుతున్నారు. సెమీ క్రిస్మస్ తప్పంటారా? – తెనాలి ప్రాంతం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, తప్పు అని చెప్పే శ్రీసభ (కతోలిక సంఘం) చట్టమేదీ లేదు. అయితే అలాంటి పండుగ మన ఆరాధన పుస్తకాలలోనూ లేదు. కళాశాలలోనో కార్యాలయంలోనో దానికి ఒక అర్థముంది. సెలవులిచ్చాక ఎవరి ఊరికి వారు వెళ్ళిపోతారు కనుక, అన్ని మతాల స్నేహితులతో కలిసి ముందే ఒక పూట సంతోషంగా గడపడం మంచిదే. విచారణ సంగతి వేరు. డిసెంబరు 25న గుడిలో కలుసుకునే వాళ్ళమే మూడు వారాల ముందు అదే పండుగను సగం చేసుకోవడం, కుప్ప నూర్చకముందే కొత్త బియ్యంతో పాయసానికి ఎసరు పెట్టినట్లుంటుంది.

1969లో పోప్ ఆరవ పౌలు గారు ఆమోదించిన ఆరాధన సంవత్సర నియమావళి ప్రకారం ఆగమన కాలానికి రెండు ముఖాలున్నాయి: ఒకటి, క్రీస్తు జయంతికి సిద్ధపడడం, రెండవది, లోకాంతంలో ఆయన తిరిగి వచ్చే రాకడ కోసం ఎదురుచూడడం. సువిశేష పఠనాలను వరుసగా చూస్తే ఇది తేటతెల్లమవుతుంది. మొదటి ఆదివారం ఏ సంవత్సరంలోనైనా మెలకువగా ఉండమన్న హెచ్చరికే వింటాం, పశువుల పాక ఊసే ఉండదు. రెండవ, మూడవ ఆదివారాలు స్నాపక యోహానువి. నాలుగవ ఆదివారం నాడు గాని మరియమాత, యోసేపు గార్లు మన ముందుకు రారు. డిసెంబరు 17 నుంచి 24 వరకు ఉన్న రోజులను మాత్రం శ్రీసభ నేరుగా జయంతి సన్నాహానికే కేటాయించింది. కనుక మీ విచారణ పెద్దలు ఆ కార్యక్రమాన్ని మానలేకపోతే, కనీసం 17వ తేదీ తరువాతకు జరపమని అడగండి. దివ్యబలిపూజలో మాత్రం కలపవద్దని గట్టిగానే చెప్పండి.

ఎదురుచూడడం మనకు కొత్తేమీ కాదు. మన పొరుగువారు నెలగంట పెట్టిన నాటి నుంచి సంక్రాంతి దాకా ప్రతి తెల్లవారుజామునా వాకిట ముగ్గు పెడుతూ నెల రోజులు ఆగగలుగుతున్నారు. మనం ఆగవలసినది నాలుగు వారాలు, ఒక్కొక్క ఏడు ఇరవై రెండు రోజులే.

ప్రశ్న: మా మహిళా సంఘం ఆగమన చక్రం (ఆకులు చుట్టిన చక్రంపై నాలుగు కొవ్వొత్తులు నిలిపి, వారానికొకటి వెలిగించేది) తయారు చేయాలనుకుంటే, ఇది పడమటి దేశాల వేషమని ఒక పెద్దాయన అభ్యంతరం చెప్పారు. మూడు ఊదా కొవ్వొత్తులు, ఒక గులాబీ కొవ్వొత్తి ఎందుకు? – ఏలూరు నుంచి ఒక సంఘ సభ్యురాలు

జవాబు: పెద్దాయన మాటలో నిజముంది, పైగా అది మొదట కతోలికుల ఆచారం కూడా కాదు. 1839లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో, పేద పిల్లల కోసం ఆశ్రమం నడిపిన యోహాన్ విఖెర్న్ అనే లూథరన్ పాదిరి, పండుగ ఇంకా ఎన్నాళ్ళని పిల్లలు రోజూ అడుగుతుంటే, ఒక బండి చక్రం మీద వారపు దినాలకు ఇరవై చిన్న ఎర్ర కొవ్వొత్తులు, ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్ల కొవ్వొత్తులు నిలిపి, రోజుకొకటి వెలిగించారని చెబుతారు. కతోలిక దేవాలయాలలోకి అది వచ్చింది ఇరవయ్యవ శతాబ్దంలోనే. ఇది తప్పనిసరి విధి కాదు, మంచి బోధనోపకరణం. నాలుగు కొవ్వొత్తులకు మనం చెప్పుకునే ఆశ, శాంతి, ఆనందం, ప్రేమ వంటి పేర్లు కూడా అధికారికమైనవి కావు, కనుక వాటి కోసం వాదులాడుకోకండి.

రంగులు పూజలో గురువులు (ఫాదర్‌లు) ధరించే వస్త్రాలను అనుసరించి వచ్చినవి. మూడవ ఆదివారపు ప్రవేశ వచనం, ఫిలిప్పీయులకు వ్రాసిన లేఖలోని మాటలతో, ప్రభువునందు ఆనందించమని పిలుస్తుంది. అందుకే ఆ ఒక్క రోజు గులాబీ రంగు. గులాబీ కొవ్వొత్తి దొరకకపోతే నాలుగూ తెల్లవి పెట్టుకోండి, దోషం లేదు. ప్లాస్టిక్ ఆకులు కొనకుండా మన సరుగుడు కొమ్మలో, మామిడి మండలో చుట్టండి. అప్పుడు పెద్దాయన అభ్యంతరం కూడా సగం తీరుతుంది. బలిపీఠం దగ్గర ఈ కాలంలో పూలు మితంగానే ఉండాలని పూజ నియమావళి చెబుతున్నది కనుక, సీరియల్ లైట్లు కూడా 24వ తేదీ రాత్రి దాకా పెట్టెలోనే ఉండడం మేలు.

ప్రశ్న: మా అబ్బాయి పెళ్ళికి డిసెంబరు పదో తేదీ కుదిరింది. ఆగమనంలో పెళ్ళి కూడదని మా అత్తగారు పట్టుబడుతున్నారు. – ఖమ్మం జిల్లా నుంచి ఒక తల్లి

జవాబు: మీ అత్తగారిది మూఢనమ్మకం కాదు. 1917 నాటి శ్రీసభ చట్టం ఆగమన కాలపు మొదటి ఆదివారం నుంచి క్రీస్తు జయంతి దినం వరకు వివాహాల ఘనమైన ఆశీర్వాదాన్ని నిషేధించింది. ఆవిడ పెరిగింది ఆ అలవాటులో. 1983 చట్టంలో ఆ నిషేధం లేదు. పెళ్ళి జరగవచ్చు గాని, కాలానికి తగిన నిరాడంబరత పాటించాలి. ఆదివారం పెట్టుకుంటే వివాహ పూజ కాక ఆనాటి ఆదివారపు పూజే చెప్పవలసి ఉంటుంది. శుభలేఖలు అచ్చు వేయించకముందే మీ విచారణ గురువును కలవండి. వీలుంటే జనవరికి జరుపుకోండి. పెద్దావిడ మనసు కూడా నిమ్మళిస్తుంది.

ప్రశ్న: మా యువకులు క్యారల్స్‌కు ఇల్లిల్లూ తిరిగి వసూలు చేసిన డబ్బులో చాలా భాగం మైకు సెట్టుకు, బిర్యానీకి ఖర్చు చేశారు. అడిగితే, పాడింది మేమే కదా అన్నారు. పెద్దల వర్గమూ యువకుల వర్గమూ మాట్లాడుకోవడం మానేశాయి. ఆ డబ్బు ఎవరిది? – కృష్ణా జిల్లా నుంచి ఒక విచారణ సభ్యుడు

జవాబు: ఇచ్చినవారు ఏ ఉద్దేశంతో ఇచ్చారో ఆ ఉద్దేశానిది. విశ్వాసులు ఒక నిర్దిష్ట ప్రయోజనం కోసం ఇచ్చిన కానుకను ఆ ప్రయోజనానికే వాడాలని శ్రీసభ చట్టం 1267వ అధికరణం మూడవ భాగం స్పష్టంగా చెబుతున్నది. విశ్వాసుల కానుకలకు వారికే లెక్క చెప్పాలన్నది 1287వ అధికరణం. ప్రతి విచారణకూ ఆర్థిక మండలి ఉండి తీరాలన్నది 537వ అధికరణం. కాబట్టి ఆ లెక్క చూడవలసినది ఆ మండలి. వీధి అరుగు మీద జరిగే పంచాయితీ కాదు.

అయితే చట్టం చదివి వినిపించినంత మాత్రాన పలకరింపులు తిరిగి రావు. ఆ కుర్రవాళ్ళు కోతల కాలంలో పగలంతా పొలంలో పనిచేసి, రాత్రి పదకొండింటి దాకా మంచులో పాడుతూ తిరిగారన్న సంగతిని పెద్దలు మొదట నోరారా ఒప్పుకోవాలి. వారి భోజనానికి ఇంత అని ముందే తీర్మానిస్తే బిర్యానీ నేరం కాకుండా పోయేది. ఈ ఏడు బయలుదేరే ముందే వసూలు దేనికోసమో రసీదు పుస్తకం మీద రాయించండి. రోజూ రాత్రి ఇద్దరు కూర్చుని లెక్కపెట్టి సంతకం చేయాలి. పండుగ తరువాతి ఆదివారం గుడిలో ఆ లెక్క చదవాలి. ఏ వీధితో మొదలుపెట్టాలన్న పంతం కూడా మీ ఊళ్ళో ఉండే ఉంటుంది, దానికి చీటీలు వేయండి. ఆ ఏడు చావు జరిగిన ఇంటిని దాటిపోకుండా, డప్పు ఆపి ఒక ప్రార్థన చెప్పి రండి.

నేను డెల్టాలో పనిచేసిన రోజుల్లో, కూలికి వెళ్ళే ఒక ముసలమ్మ క్యారల్స్ బృందానికి మానికెడు ధాన్యం పోసి, “ఇది ఎవరికి పెడతారు నాయనా?” అని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. లూకా సువిశేషం చదివే సంవత్సరంలో మూడవ ఆదివారం నాడు, రెండు అంగీలున్నవాడు లేనివానికి ఒకటి ఇవ్వాలని యోహాను చెప్పే మాట వచ్చినప్పుడల్లా నాకు ఆ ప్రశ్న గుర్తుకు వస్తుంది. మీ యువకులను కూడా ఆ ప్రశ్నే అడగండి; జవాబు వారినే నిర్ణయించనివ్వండి.

ప్రశ్న: ఇంట్లో పశువుల పాక కట్టినప్పుడు బాలయేసు స్వరూపాన్ని వెంటనే పెట్టవచ్చా? – ఫిరంగిపురం నుంచి ఒక విద్యార్థిని

జవాబు: 24వ తేదీ రాత్రి దాకా తొట్టిని ఖాళీగా ఉంచడమే మంచి సంప్రదాయం, తల్లీ. 1223లో ఇటలీలోని గ్రెచ్చో గ్రామంలో ఫ్రాన్సిస్ అస్సీసీ గారు ఏర్పాటు చేసిన పాకలో ఉన్నవి కూడా గడ్డి నింపిన తొట్టి, ఒక ఎద్దు, ఒక గాడిద మాత్రమే. ఈలోగా నువ్వూ నీ తమ్ముళ్ళూ చేసిన ప్రతి మంచి పనికి ఒక్కొక్క వరిగడ్డి పోచ అందులో వేయండి. ముగ్గురు జ్ఞానులను మాత్రం తొందరపెట్టవద్దు. వాళ్ళను ఆ గదిలోనే దూరంగా కిటికీ దగ్గర నిలబెట్టి, జ్ఞానుల పండుగ నాటికి పాక చేరేలా రోజుకు కొంచెం జరుపుతూ రండి.