ఆ నోటుపుస్తకాలు ఎవరివి?

ప్రశ్న: నా వయసు 43. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, మా సంఘంలో పరిచర్య చేస్తున్నాను. కొన్నేళ్లుగా మా బృందం మలావీ దేశం వెళ్లి, అక్కడి పల్లె సంఘాల కాపరులకు, సండే స్కూలు టీచర్లకు శిక్షణ ఇచ్చి వస్తోంది. ఎవరి ఖర్చులు వారివే. ఈ జూలైలో మళ్లీ వెళ్లాలి. నా భార్య ససేమిరా అంటోంది. ఇంటి అప్పు, పిల్లల ఫీజులు అంటుంది. ‘ముందు మావయ్యగారి సంగతి చూడండి’ అంటూ అడ్డుపడుతోంది. నాన్నగారు అద్దంకి వైపు పల్లెల్లో పాస్టరుగా చేసి విశ్రాంతి తీసుకున్నారు. అమ్మ పోయాక అక్కాబావల దగ్గర ఉంటున్నారు. పోయినసారి ప్రయాణానికి ముందు ప్రార్థన చేయమని అడిగితే, మాట్లాడకుండా లేచి పెరట్లోకి వెళ్లిపోయారు. నా భార్యను ఎలా ఒప్పించాలి? తండ్రి దీవెన లేకుండా దేవుని పనికి వెళితే దోషమా?

జవాబు: మీ రెండు ప్రశ్నలకూ ముందు జవాబు చెప్పేస్తాను. భార్యను ఒప్పించనక్కర్లేదు. ఇంటి జమాఖర్చులు ఆమె ముందు పెట్టి, టికెట్టు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూపించండి. చూపించలేకపోతే ఆమె మాటే సరి. ఇక దోషం సంగతి తేల్చడానికి నేనెవరిని? మీ బైబిలు నాకంటే మీకే బాగా తెలుసు.

మీ ఉత్తరం ఏడు పేజీలు. ఇక్కడ కుదించి వేశాం. అందులో ముప్పాతిక వంతు భార్య మీద ఫిర్యాదు. నాన్నగారి గురించి పది పన్నెండు వాక్యాలకు మించి లేవు. వాటిలో ఒకటి ఇది: ‘నాన్నగారి పాత ప్రసంగాల నోటుపుస్తకాల్లోంచి కొన్ని పాఠాలు ఇంగ్లీషులో తయారు చేసుకున్నాను, అక్కడివాళ్లకు బాగా నచ్చాయి.’ ఆ వెంటనే మీరు విమాన టికెట్ల ధరల్లోకి వెళ్లిపోయారు. నేను మాత్రం ఆ వాక్యం దాటి ముందుకు పోలేకపోయాను.

ఆ పుస్తకాలు తీసుకునేటప్పుడు ఆయన్ను అడిగారా? పాఠాల మీద ఎక్కడైనా ఆయన పేరుందా? వాళ్లకు నచ్చాయన్న సంగతి నాకు రాశారు సరే, ఆయనకు చెప్పారా? ఉత్తరంలో ఆ ఊసే లేదు కాబట్టి, చెప్పలేదనే అనుకుంటున్నాను.

ఆ పాఠాలేమిటో కూడా మీరే రాశారు. చావు జరిగిన ఇంట్లో ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు. రెండు కుటుంబాలు పలకరించుకోవడం మానేస్తే, అందరూ కలిసి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభువు బల్ల ఆదివారం రాకముందే ఎవరింటికి మొదట వెళ్లాలి. కానుక పెట్టెలో రూపాయి పడని కరువు రోజుల్లో, ఇంటింటి ఆడవాళ్లు తీసిపెట్టిన పిడికెడు బియ్యంతో సంఘాన్ని ఎలా నడపాలి. వీటిని ఏ బైబిలు కాలేజీలో నేర్పుతారు? సైకిలు మీద ఊరూరా తిరిగిన మనిషి నేర్చుకున్నవి ఇవి. మలావీ పల్లె పాస్టరు బతుకూ ఇలాంటిదే కదా! ఒక్కడే నాలుగైదు ప్రార్థనా మందిరాలు చూసుకోవాలి. ఇల్లు గడవడానికి తన మొక్కజొన్న చేను తనే చేసుకోవాలి. జనవరి నుంచి మార్చి దాకా, కొత్త పంట చేతికొచ్చే లోపు, గాదెలు ఖాళీ అవుతాయి. అప్పుడు సంఘమూ పస్తే, కాపరీ పస్తే. అనువాదకుడు ఒక్కో వాక్యం చిచేవా భాషలో చెబుతుంటే వాళ్లు తలూపారంటే, అది మీరు తెరమీద వేసిన బొమ్మలకు కాదు. మీ నాన్నగారికి.

ఇంకో మాట కూడా రాశారు, ‘ఆయనకు నామీద అసూయేమో’ అని. చదివి నాకు కోపం వచ్చింది. కొంచెం అసూయ ఉన్నా నేను తప్పు పట్టను. పల్లె సేవకులను ప్రోత్సహించడానికి మీరు సముద్రాలు దాటి వెళుతున్నారు. ఆయన సేవ చేసినన్నాళ్లూ ఆ పల్లెలకు వెళ్లి, ‘అయ్యగారూ, అలిసిపోయారా?’ అని అడిగిన బృందం ఏదైనా ఉందా? పదవీ విరమణ నాడు పాస్టరు ఇంటి తాళాలు సంఘ పెద్దల చేతికిచ్చి బయటికి వచ్చారు. ఇప్పుడు అల్లుడు ఆఫీసు నుంచి వచ్చే వేళకు టీవీ ముందు కుర్చీ ఖాళీ చేసి వసారాలోకి వెళ్లిపోతారట. మీ అక్కయ్య ఫోనులో చెప్పిందని మీరే రాశారు. మీ బావగారు మంచివారే కావచ్చు. అయినా కొడుకు బతికుండగా ఆ కుర్చీలోంచి లేవాల్సిన అవసరం ఆయనకేం వచ్చింది? ఫ్లాటు చిన్నదన్న సాకు నా దగ్గర చెల్లదు.

మార్కు సువార్త ఏడో అధ్యాయంలో కొర్బాను సంగతి ఉంది. తల్లిదండ్రులకు చెందవలసినదాన్ని దేవుడికి అర్పించేశామని చెప్పి చేతులు దులుపుకున్నవాళ్లను యేసు నిలదీసిన చోటు అది. దానిమీద మీరు ప్రసంగం చేసే ఉంటారు. ఆ ప్రసంగం కూడా నాన్నగారి నోటుపుస్తకంలోదేనా అని అడగబోయి ఊరుకుంటున్నాను.

మీ నాన్నగారు పనిచేసింది గుండ్లకమ్మ ఏటి ప్రాంతం కాబట్టి ఒక సంగతి గుర్తుచేస్తాను. 1878 జూలై 3న ఆ ఏటి ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరూ ఒంగోలులో ఉన్న అమెరికా మిషనరీ క్లౌ దొర పేరే చెబుతారు. నిజానికి ఆ రోజు దొర ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ నీళ్లలో నిలబడి ఇచ్చారు. ఆ ఆరుగురి పేర్లు మీ బృందంలో ఎవరికైనా తెలుసా? మీ నాన్నగారు ఆ వరుసలోని మనిషి. మనవాళ్లు ఆఫ్రికా వెళ్లడం కూడా ఇవాళ్టి మాట కాదు. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్యగారు దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్లారు, అక్కడి చెరకు, తేయాకు తోటల్లో కూలీలుగా ఉన్న తెలుగువాళ్ల కోసం. ఆయన్ను పంపింది ఇక్కడి తెలుగు బాప్తిస్టు సంఘాలు. పంపేవాళ్లు ఉండబట్టే ఆయన వెళ్లగలిగారు. మిమ్మల్ని పంపవలసిన పెద్దమనిషి మాత్రం మీకు ప్రయాణానికి ముందు రోజు, నెత్తిన చెయ్యి పెట్టడానికే గుర్తొస్తున్నారు. ఆయన పెరట్లోకి వెళ్లక ఏం చేస్తారు?

డబ్బు లెక్క తేలితే, నాన్నగారి పేరు చెప్పి ప్రయాణం మానుకోవద్దు. మానుకుంటే ఆ నేరం జీవితాంతం ఆయన మీదే మోపుతారు. మీ ధోరణి చూస్తే అలాగే ఉంది.

వచ్చే శనివారం బస్సెక్కి అక్కయ్యగారి ఊరు వెళ్లండి. ఆ పాఠాలన్నీ అచ్చు తీయించి తీసుకెళ్లండి. అడగకుండా వాడుకున్నానని మొదటే చెప్పేయండి, సంజాయిషీలు వద్దు. తరవాత పక్కన కూర్చుని ఒక్కో పాఠం చదివి వినిపించండి. తప్పులు పడతారు, పట్టనివ్వండి. పోయినసారి అక్కడొక పాస్టరు మిమ్మల్ని అడిగాడన్నారు, ‘మా సంఘ పెద్దే నాకు అప్పిచ్చాడు, అతను తప్పు చేస్తే నేనెలా గద్దించాలి?’ అని. మీరు ‘ప్రార్థన చేయండి’ అని చెప్పి గండం గడుపుకున్నారు. ఆ ప్రశ్న నాన్నగారిని అడగండి. ఆయన దగ్గర జవాబు ఉంటుంది. బహుశా ఒకటి కాదు, నాలుగు ఉంటాయి, ఒక్కోదానికి ఒక్కో ఊరి పేరుతో సహా. రాసుకోండి. ఈసారి పాఠాల మొదటి పేజీ మీద ఆయన పేరు ఉండాలి.

మీ బృందం సన్నాహక కూడికలకు ఆయన్ను పిలవండి. శాలువా కప్పి ముందు వరుసలో కూర్చోబెట్టడానికైతే వద్దు. బోర్డు దగ్గర నిలబెట్టి, మీరంతా బెంచీల మీద కూర్చోవడానికి పిలవండి. కూడికలు జరిగినన్నాళ్లూ మీ ఇంట్లోనే ఉంటారు కదా, ఆ తరవాత ఎక్కడ ఉండాలన్నది ఆయన్నే అడగండి. అక్కయ్య దగ్గరే ఉంటానంటే సరే. ఆ మాట మాత్రం ఆయన నోటి నుంచి రావాలి. ఇక ప్రార్థన చేయమని మీరు అడగవద్దు. చేయాలనిపిస్తే ఆయనే చేస్తారు.

బస్సులో ఆ శనివారం పక్క సీటు మీ భార్యకు తీసుకోండి. ‘ముందు మావయ్యగారి సంగతి చూడండి’ అని ఆమె అన్నదాన్ని అడ్డుపడటం అని రాశారు మీరు. మీ ఇంట్లో ఆయన గురించి ఆలోచించింది ఆమె ఒక్కతే.