సీడీ ప్లేయర్ కొనేముందు

చిత్తూరు

చిరంజీవి నాయనకు పెదనాన్న ఆశీస్సులు.

రోజూ తిరుపతి నుంచి బస్సులో వచ్చిపోయేటప్పుడు వినడానికి చిన్న సీడీ ప్లేయర్ కొంటానన్నావని మీ అమ్మ చెప్పింది. ఫోన్ ఉండగా ఇదెందుకని నేను అడగను. తాత కొన్న అన్నమయ్య కీర్తనల సీడీలు బీరువాలో అట్లే ఉన్నాయి, ఎవరో ఒకరు వినాలి కదా.

ముందు ఆ సీడీలు ఏ రకమో చూడు. మామూలు ఆడియో సీడీలో 74 నుంచి 80 నిమిషాల పాటలే పడతాయి. ఒక్కదాంట్లోనే వంద పాటలుంటే అది ఎంపీ3. పాత ప్లేయర్లు చాలావాటిలో అది పాడదు. అందుకే షాపుకు పోయేటప్పుడు ఆడియోది ఒకటి, ఎంపీ3 ఒకటి, ఇంట్లో రైట్ చేసుకున్నది ఒకటి తీసుకుపో. ప్రతిదాంట్లో చివరి పాట పెట్టించి విను. ప్లేయర్లో ఉండే లెన్సు సీడీని మధ్య నుంచి అంచు వైపు చదువుతూ పోతుంది. మొదటి పాట బాగా పాడి, చివర్లో తడబడితే ఆ ప్లేయర్ వద్దు. సెకండ్ హ్యాండ్‌దైతే మరీ జాగ్రత్త. లెన్సు పోతే ఇప్పుడు సరైన పార్టు దొరకడమే కష్టం.

పెట్టె మీద యాంటీ స్కిప్ 40 సెకన్లు, 120 సెకన్లు అని పెద్దగా వేసి ఊరిస్తారు. దాంతో పాట బాగా వినిపిస్తుందనుకోవద్దు. పాటను కాస్త ముందుగా చదివి మెమరీలో పెట్టుకుంటుంది, బస్సు కుదిపినా ఆగదు, అంతే. మన రోడ్ల మీద అది లేకుంటే కుదరదులే. కానీ మెమరీలో ఎక్కువ సెకన్ల పాట పట్టాలని చాలా పాత మోడళ్లలో సౌండును కుదించేవాళ్లు, కొంచెం పలచబడుతుంది. ఇంట్లో వినేటప్పుడు యాంటీ స్కిప్‌ను ఆపుకునే స్విచ్ ఉంటే మంచిది.

పాతది కొంటే పెన్సిల్ సెల్లులతో నడిచేదే తీసుకో. సన్నటి చూయింగ్ గమ్ లాంటి బ్యాటరీ పడేవి కొన్ని ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు, ఆ బ్యాటరీ కోసం ఊరంతా తిరగాల్సి వస్తుంది. సెల్లులు పెట్టే చోట పచ్చటి చిలుము ఉంటే అక్కడే వదిలేసి రా. పిన్ను పట్టింది కదా అని ఏ అడాప్టరైనా గుచ్చేయొద్దు. వోల్టేజీ, ప్లస్ మైనస్ గుర్తులు రెండూ కలవాలి.

కొత్తవాటిలో బ్లూటూత్ కూడా వస్తోంది. నా మాట వింటే వైరు ఇయర్‌ఫోన్లే వాడు. షాపులోనే ఆ వైరును అటూ ఇటూ కదిపి చూడు, ఒక చెవిలో పాట ఆగిపోతుంటే సాకెట్ లూజైనట్టే. పాడైతే ఎన్ని రోజుల్లోపు వాపసు తీసుకుంటారో బిల్లు మీద రాయించుకో.

మీ పెదనాన్న