గోడ చుట్టింది పశ్చిమ బెర్లిన్‌ని, ఆపింది తూర్పువాళ్లని

“బెర్లిన్ గోడను పశ్చిమ బెర్లిన్ చుట్టూ కట్టారు కదా, మరి బందీలుగా ఉన్నది తూర్పువాళ్లని ఎందుకంటారు?” అని అడిగారు. సబబైన సందేహమే. గోడ పొడవు సుమారు 155 కిలోమీటర్లు. అందులో రెండు బెర్లిన్‌ల నడుమ ఉన్నది 43 కిలోమీటర్లే. మిగతాదంతా పశ్చిమ బెర్లిన్‌ని చుట్టుపక్కల తూర్పు జర్మనీ నుంచి వేరు చేసింది. మ్యాపు చూస్తే కంచెలో పడ్డది పశ్చిమమే అనిపిస్తుంది.

ఉద్యోగం కోసం బెర్లిన్‌కి వచ్చిన కొత్తలో నాకూ ఈ తికమక ఉండేది. మా ఇంటి నుంచి ట్రామ్‌లో బెర్నావర్ వీధి దగ్గరే. మన ఊళ్ల నుంచి ఎవరు వచ్చినా ముందు అక్కడికే తీసుకెళ్తాను. అక్కడి గోడ స్మారక కేంద్రంలో పరిశీలన టవర్ ఎక్కితే, ఎదురుగా సరిహద్దు ముక్క ఒకటి ఉన్నదున్నట్టుగా కనిపిస్తుంది. గోడ అంటే ఒకటే అనుకుంటాం. అక్కడ రెండు! పశ్చిమం వైపున అందరికీ తెలిసిన ఎత్తైన కాంక్రీటు గోడ. దానికి వెనక, తూర్పువైపున ఇంకో గోడ. నడుమ ఇసుక, దీపస్తంభాలు, గస్తీ బాట, కాపలా బురుజు. పారిపోయేవాళ్ల అడుగుజాడలు పడేలా ఆ ఇసుకను చదును చేసి ఉంచేవారు. ఇప్పుడు తూర్పు నుంచి లెక్కపెట్టుకుంటూ రండి: లోపలి గోడ, తాకితే సంకేతమిచ్చే కంచె, బురుజు, ఇసుక, చివరికి అసలు గోడ. వాహనాలను ఆపే గోతులు కూడా తూర్పు నుంచి దూసుకొచ్చే బండిని ఆపేలాగే తవ్వారు. పశ్చిమ ఫాసిస్టుల నుంచి రక్షణ కోసం కట్టామని తూర్పు ప్రభుత్వం చెప్పుకొచ్చింది గానీ, శత్రువు కోసం కట్టిన కోట ఇలా తన వాళ్ల వైపు తిరిగి ఉండదు కదా.

కారణం దాచినా దాగనిది. 1949 నుంచి 1961 దాకా దాదాపు 30 లక్షల మంది తూర్పు జర్మనీ వదిలి వెళ్లిపోయారు. డాక్టర్లు, ఇంజినీర్లు, చదువుకున్న కుర్రవాళ్లు. మిగతా సరిహద్దు ముందే మూసేశారు కాబట్టి బెర్లిన్ ఒక్కటే దారి. 1961 ఆగస్టు 13, ఆదివారం తెల్లవారకముందే ముళ్లకంచె వేయడం మొదలుపెట్టారు.

బెర్నావర్ వీధిలో ఇంకో చిత్రం. ఒక వరుస ఇళ్లు తూర్పువి, వాటి ముందున్న కాలిబాట మాత్రం పశ్చిమానిది. తలుపు తీస్తే దేశం మారిపోతుంది! అందుకే ముందు తలుపులకు ఇటుకలు పేర్చారు, తరవాత కిటికీలకు. ఈలోగా జనం కిటికీల్లోంచి దూకారు. కింద పశ్చిమ బెర్లిన్ అగ్నిమాపక సిబ్బంది వలలు పట్టుకుని నిలబడేవారు. ఆగస్టు 22న ఇడా జీక్‌మన్ అనే ఆవిడ మూడో అంతస్తు నుంచి పరుపులు కిందకు విసిరి, వాటి మీదకు దూకి చనిపోయారు. గోడ దగ్గర నమోదైన మొదటి మరణం అదే. మొత్తం కనీసం 140 మంది చనిపోయారు.

పశ్చిమం వాళ్లకు ఇబ్బందులు లేవని కాదు. 1963 క్రిస్మస్ దాకా అవతలి బంధువుల ఇంటికి వెళ్లలేకపోయారు. కానీ విమానమెక్కో, నిర్ణయించిన రహదారుల మీదుగానో పశ్చిమ జర్మనీకి, అక్కడి నుంచి ఎక్కడికైనా వెళ్లగలిగారు. తూర్పు బెర్లిన్‌లో పెరిగిన మా ఆఫీసు పెద్దాయన ఒకరు, తన చిన్ననాటి మ్యాపులో పశ్చిమ బెర్లిన్ ఉండాల్సిన చోట ఖాళీ మరక ఉండేదని చెప్పారు. వాళ్ల అమ్మమ్మ మాత్రం అరవై దాటాక అటు వెళ్లి కాఫీపొడి తెచ్చేదట. 1964 నుంచి పింఛనుదారులను పంపేవారు మరి. తిరిగి రాకపోతే పింఛను మిగులుతుందనేమో!

మీరు వచ్చే ఆలోచనలో ఉంటే, రెండు బెర్లిన్‌ల నడుమ ఒకప్పటి సరిహద్దు దాటే చోటైన చెక్‌పాయింట్ చార్లీకి ఎక్కువ సమయం పెట్టుకోకండి. అక్కడి కాపలా గది నకలు. బెర్నావర్ వీధికి టికెట్ కూడా అక్కర్లేదు. సోమవారం మాత్రం వద్దు, ఆ రోజు టవర్ ఉన్న భవనం మూసి ఉంటుంది.