కొత్త సరుకు దింపే ముందు

అమ్మలూ,

నీ మెసేజ్ చదివాను. మార్కెట్లో అందరూ తినే సరుకుల్లో ఏదో కొత్తది తెస్తున్నారు, మనమూ ఒకటి దింపేద్దామా అని అడిగావు. దింపు, కానీ తొందరపడకు. మార్కెట్ మారుతున్న సంగతి చిన్న వ్యాపారానికి ముందుగా తెలిసేది సొంత అమ్మకాల లెక్కల్లోనే, అవి తెరిచి చూడకుండా ఫోన్లో రీల్స్ చూసి నిర్ణయం తీసుకుంటావేమోనని నా భయం.

మొత్తం అమ్మకం పెరిగిందని సంబరపడొద్దు. ఒకసారి కొన్నవాళ్లలో ఎంతమంది మళ్లీ వచ్చారు, ఎన్నాళ్లకు వచ్చారు, అది చూడు. మొదటిసారి కొనడానికి కొత్తదన్న సరదా చాలు, ఆఫర్ చాలు, నీ మీద అభిమానం చాలు. రెండోసారి మాత్రం నచ్చితేనే కొంటారు. పోల్చేటప్పుడు పోయిన నెలతో కాదు, పోయిన ఏడాది ఇదే వారంతో పోల్చు, లేకపోతే సీజన్ వల్ల వచ్చిన తేడాని జనం అభిరుచి మారిందనుకుంటావు.

ఇంకొకటి, ఇది తప్పకుండా చెయ్యి. ఏదో అడిగి, లేదనిపించుకుని వెళ్లిపోయినవాళ్ల మాట రాసిపెట్టు. వాళ్లు ఏ మాటల్లో అడిగారో ఆ మాటల్లోనే రాయాలి, మన భాషలోకి మార్చకూడదు. "తీపి తక్కువది ఉందా", "ఒక్కళ్లకి సరిపడా చిన్న ప్యాకెట్ ఇస్తారా", "పిల్లలకి పెట్టొచ్చా" ఇలా. బిల్లు పడదు కాబట్టి ఈ అమ్మకం ఏ లెక్కలోనూ కనపడదు. కొన్ని వారాలు రాసి చూస్తే చాలామందికి కావాల్సింది కొత్త రుచి కాదని, ఉన్న సరుకే వేరే సైజులోనో వేరే ప్యాకింగ్‌లోనో అడుగుతున్నారని తేలొచ్చు. అన్నిటికంటే తక్కువ రిస్కున్న కొత్త ప్రొడక్ట్ అదే.

బయట చూడాల్సినవీ ఉన్నాయి. గూగుల్‌లో జనం ఏం వెతుకుతున్నారో చూపించే గూగుల్ ట్రెండ్స్ ఉచితమే, కానీ అందులో కనిపించే 100 అంటే వందమంది వెతికారని కాదు, నువ్వు ఎంచుకున్న కాలంలో ఆసక్తి అన్నిటికంటే ఎక్కువగా ఉన్న సమయం అని. కాబట్టి నెల గ్రాఫ్ చూసి ఏమీ తేల్చుకోకు, 5 ఏళ్లది చూడు. ఒక్కసారి ఎగిసి పడిపోయిందా, ఏటేటా నెమ్మదిగా పెరుగుతోందా తెలిసిపోతుంది. నీకు ముడిసరుకు, కవర్లు వేసేవాళ్లతో కూడా మాట్లాడుతుండు, ఎవరు ఏం ఎక్కువగా తెప్పిస్తున్నారో వాళ్లకి తెలిసినంతగా ఎవరికీ తెలీదు. ధాన్యాలు, నూనెలు, పాల పదార్థాలు, మాంసం, చక్కెర అంతర్జాతీయ ధరల మీద ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) నెలనెలా ఒక సూచీ ఇస్తుంది, అదీ చూడు.

రూల్స్ సంగతీ అంతే. బ్రిటన్‌లో చక్కెర ఎక్కువున్న కూల్ డ్రింకుల మీద పన్ను వేస్తామని 2016లో ప్రకటించారు, అమలైంది 2018 ఏప్రిల్‌లో. మధ్యలో ఉన్న ఆ రెండేళ్లలోనే చాలా కంపెనీలు ఫార్ములా మార్చేసుకున్నాయి. ముసాయిదా దశలోనే చదివేవాళ్లకి టైమ్ దొరుకుతుంది.

ఇప్పుడు అసలు టెన్షన్ పడాల్సిన విషయం. జనం తీపి తగ్గించమంటున్నారని, ఉప్పు తగ్గించమంటున్నారని నువ్వు వెంటనే తగ్గించేస్తావు. చక్కెర, ఉప్పు రుచి కోసమే ఉన్నాయనుకోకు, సరుకులో ఉన్న నీటిని సూక్ష్మజీవులకి అందకుండా పట్టి ఉంచేది కూడా అవే. సూక్ష్మజీవులకి అందే నీరు ఎంతుందో కొలిచేదాన్ని వాటర్ యాక్టివిటీ అంటారు. అది 0.85 కంటే తక్కువుంటే రోగాలు తెచ్చే బ్యాక్టీరియా సాధారణంగా పెరగలేవు, కానీ బూజు పట్టే వీలు ఇంకా ఉంటుంది. గాలి తగలకుండా మూసేసే తడి సరుకైతే పీహెచ్, అంటే పులుపు ఎంతుందో చెప్పే కొలత కూడా చూడాలి (పులుపు తగ్గేకొద్దీ ఆ అంకె పెరుగుతుంది), 4.6 దాటితే బోట్యులిజం, అంటే ఒక బ్యాక్టీరియా విషం వల్ల వచ్చే జబ్బు ప్రమాదం ఉంది, అది ప్రాణాల మీదకి తెస్తుంది. రంగు, వాసన బాగానే ఉన్నాయి కదా అని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. ఫార్ములాలో ఏది మార్చినా ల్యాబ్‌లో మళ్లీ చూపించు, పాత గడువు తేదీని కొత్త సరుకు మీద వెయ్యొద్దు. ఈ ఒక్క విషయంలో నువ్వు ఎంత బతిమాలినా నేను ఒప్పుకోను.

రుచి చూపించడం ఇంట్లోవాళ్లకి కాదు, వాళ్లు బాగుందనే అంటారు. నిన్ను ఎరగనివాళ్లకి పెట్టు, పేర్లు చెప్పకుండా నంబర్లు వేసి. ఖర్చు తగ్గించడానికి ఏదైనా మార్చినప్పుడు మూడు శాంపిల్స్ ఇచ్చి, రెండు ఒకటే, వేరేది ఏదో చెప్పమను. ఊరికే ఊహించినా మూడింట ఒక వంతుమంది సరిగ్గా చెప్పేస్తారు, అంతకంటే బాగా ఎక్కువమంది పట్టేస్తే తేడా తెలుస్తోందని అర్థం.

ఆ తర్వాత చిన్న బ్యాచ్ చేసి పూర్తి ధరకే అమ్ము. ఫ్రీగా పంచితే వచ్చే మెచ్చుకోళ్లతో ఏమీ తెలీదు. ఎన్ని వారాల్లో ఎంతమంది మళ్లీ కొనకపోతే ఆపేస్తావో అమ్మకం మొదలుపెట్టకముందే కాగితం మీద రాసుకో, తర్వాతైతే మనసొప్పదు. ల్యాబ్ రిపోర్ట్ రాగానే నాకు పంపు, లేబుల్ ప్రింటింగ్‌కి ఇచ్చే ముందు ఇద్దరం కూర్చుని చూద్దాం.

ప్రేమతో,
పెద్దమ్మ