రెండు నిమిషాలకు ఒక్క సంగతి చాలు

చిరంజీవి బిడ్డకు పెద్దబాపు ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీటింగ్‌లో అప్పటికప్పుడు రెండు నిమిషాలు మాట్లాడమని నీకు ‘బంగారం’ అని టాపిక్ ఇచ్చారట. ధరలు పెరిగాయని రెండు ముక్కలు చెప్పి, ఇంకేం తోచక ఇరవై సెకన్లకే కూర్చున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రాత్రి అన్నం కూడా సరిగా తినలేదంటే మనసు చివుక్కుమంది. నలుగురి ముందు మాట్లాడటం నేర్పే ఆ టోస్ట్‌మాస్టర్స్ క్లబ్ మీటింగులకు ఏళ్ల తరబడి తిరిగినవాణ్ణి కదా, నాలుగు మాటలు రాద్దామనిపించింది.

నీకు మాటలు రాక కాదు బిడ్డా. బంగారం గురించి మాట్లాడాలనుకున్నావు, అక్కడే చిక్కుపడ్డావు. అంత పెద్ద విషయం ముందు పెట్టుకుంటే ఎవరికైనా అందరికీ తెలిసిన మాటలే నోటికొస్తాయి, అవి క్షణంలో అయిపోతాయి. టాపిక్ వినగానే దాని గురించి ఏం తెలుసని వెతుక్కోకు. నువ్వు కళ్లారా చూసినదాన్ని ఒక్కటి పట్టుకో.

నీ ఆరో ఏట మేడారం పోయాం, గుర్తుందా? మీ నాయనమ్మ మొక్కు. నిన్ను తక్కెడలో ఒకవైపు కూర్చోబెట్టి రెండోవైపు బెల్లం ముద్దలు పేరుస్తుంటే తాడును రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నావు. ఆఖరి ముద్ద పెట్టగానే నువ్వున్న తట్ట నేల మీంచి లేచింది, ‘నాయనమ్మా’ అని ఒక్క కేక పెట్టావు. సమ్మక్క సారలమ్మలకిచ్చే ఆ బెల్లాన్నే కదా మనం బంగారం అనేది! “చిన్నప్పుడు నా బరువంత బంగారం తూచి అమ్మవార్లకు ఇచ్చారు” అని మొదలుపెట్టి చూడు. జనం, దుమ్ము, తాడు, ఆ కేక, అన్నీ చెప్పుకుంటూ పో. అది బెల్లమన్న మాట చివరిదాకా దాచిపెట్టు.

నేనూ మొదట్లో ఈ తప్పే చేశాను. ‘చెరువు’ అని టాపిక్ వస్తే పాకాల, రామప్ప, లక్నవరం అన్నీ ఎత్తుకున్నా. రామప్ప దాటకముందే టైమ్ అయిపోయిందని ఎర్ర లైటు వెలిగింది. మా ఊరి చెరువు మత్తడి దూకిన రాత్రి మా నాయన లాంతరు పట్టుకుని గట్టు మీద నిలబడ్డది నా కళ్ల ముందే ఉంది, అది చెప్పలేకపోయానే అని చాలా రోజులు బాధపడ్డా.

ఇంకో సంగతి. టాపిక్ ముందు చదివి, పేరు తర్వాత పిలుస్తారు. ఎవరి పేరు పిలిచినా ఆ టాపిక్ నీకే వచ్చిందనుకుని లోపల ఒక సంగతి వెతుక్కో. పిలుపొచ్చాక కుర్చీ నుంచి ముందుకు నడిచే ఆ నాలుగడుగుల్లో ఏ మాట దగ్గర ఆపాలో ఖాయం చేసుకో. మొదటి మాటకంటే అదే ముఖ్యం. గమ్యం తెలిస్తే దారిలో తడబడ్డా పర్వాలేదు. నిమిషానికి పచ్చ లైటు, నిమిషంన్నరకు పసుపు, రెండు నిమిషాలకు ఎరుపు. పసుపు కనపడగానే ఆ చివరి మాట వైపు మళ్లు.

“సారీ, నేను ప్రిపేర్ కాలేదు” అని మాత్రం ఎప్పుడూ అనకు. ఈ టాపిక్‌లకు ఎవరూ ప్రిపేరై రారు. మాట తట్టకపోతే ‘అంటే, సో’ అనకుండా నోరు మూసుకుని ఒక్క ఊపిరి తీసుకో. నీకు యుగంలా అనిపించే ఆ మౌనం వినేవాళ్లకు తెలియనే తెలియదు. ఇంగ్లీషు మాట దొరక్కపోతే తెలుగు మాటే అను. జాతరను జాతర అనే అను, అర్థం ఒక వాక్యంలో చెప్పు.

రోజూ హనుమకొండ నుంచి కాజీపేటకు బస్సులో పోతావు కదా. కిటికీలోంచి కనపడిన ఏదో ఒక బోర్డు మీది మాట తీసుకుని, రెండు స్టాపుల మధ్య మనసులోనే మాట్లాడు. ఇంట్లో రొట్టెలు చేసేటప్పుడైతే ఫోన్‌లో టైమర్ పెట్టుకుని పైకే మాట్లాడొచ్చు, మీ అమ్మ వింటుంది.

వచ్చే ఆదివారం మీటింగ్‌కు నేనూ వస్తున్నా. వెనక వరుసలో కూర్చుంటా. నీకు ఏ టాపిక్ వస్తుందో ఏమో గాని, మేడారం కథ మాత్రం వెళ్లేటప్పుడు బండి మీద నాకు ఒకసారి చెప్పు.

నీ పెద్దబాపు